పత్తిగదిలో దొరికిన ఎక్స్ మాట

"అమ్మా, ఇంకో ఎక్స్ మాట దొరికింది."

మా అమ్మాయి వంటింటి గడప మీద నిలబడి ఈ మాట అన్నప్పుడు నేను గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను. తలెత్తకుండానే "ఏం మాట?" అన్నాను.

"మిక్స్."

"అర్థం?"

"కలపడం. మిక్సీలో వేసి కలుపుతాం కదా, అందుకని."

తెలివైన జవాబే. మెచ్చుకుందామని తలెత్తాను. దాని జుట్టు నిండా పత్తిపోగులున్నాయి. చెవి మీద ఒకటి, కనుబొమ్మ మీద ఒకటి. ఆ మాట వాళ్ళ పుస్తకంలో లేదు. నేను నేర్పలేదు. పత్తిగదిలో పత్తి తప్ప చదవడానికి ఏమీ లేదు.

"ఎక్కడ దొరికింది?"

జుట్టులో పోగులు ఏరుకోవడం మొదలెట్టింది. పత్తిగదిలోకి వెళ్ళకూడదని ఇంట్లో ఆజ్ఞ. వెళ్తే దెబ్బలు పడతాయని దానికి తెలుసు.

"కొట్టనులే, చెప్పు."

"పత్తిలో. డబ్బా మీద ఉంది. నేను మూత తియ్యలేదమ్మా. తమ్ముడూ తియ్యలేదు, ఒట్టు."

"డబ్బా మీద బొమ్మేమన్నా ఉందా?"

"ఎర్ర గాలిపటం. మూల మీద నిలబెట్టినట్టు. పైన పుర్రె."

ఆ గాలిపటం మా వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా దాన్ని చూసి డబ్బాను దూరంగా జరుపుతారు. పురుగుమందు డబ్బాల మీద వేసే గుర్తు అది. ఎరుపంటే అన్నిటికన్నా చెడ్డది.

చిక్కుళ్ళ చాట పక్కకు తోసేసి పిల్లలిద్దరినీ రెక్క పుచ్చుకుని పంపు దగ్గరికి లాక్కెళ్ళాను. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగాను, మళ్ళీ కడిగాను. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. నోళ్ళు తెరిపించి చూశాను. సబ్బు వాసన, పొద్దున తిన్న ఇడ్లీ వాసన. ఇంకేమీ లేదు. మావాడికి ఇదంతా ఆటలాగుంది. "నాకూ ఒక మాట దొరికిందమ్మా" అని నవ్వుతున్నాడు. వాడికి ఇంకా అక్షరాలే రావు.

ఈ ఎక్స్ గొడవ ఏమిటో చెప్పాలి. తొంభైల చివర్లో మా మండల కేంద్రంలో కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి పెట్టారు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళలో కాస్త పొలం ఉన్నవాళ్ళందరూ పిల్లల్ని ఆటో ఎక్కించి అక్కడికే పంపేవాళ్ళు. అక్కడి టీచరమ్మ వారానికో అక్షరం ఇచ్చేది. ఆ అక్షరం ఉన్న చిన్న చిన్న మాటలు వెతికి, అర్థాలు నేర్చుకుని, సోమవారం నాడు లేచి నిలబడి చెప్పాలి. ఆ మాట ఎక్కడ దొరికిందో కూడా చెప్పాలి. సబ్బు కాగితం మీద, బస్సు మీద, కిరాణా కొట్టు బోర్డు మీద, ఎక్కడైనా సరే. ఎక్కువ మాటలు తెచ్చిన పిల్లల చేతి మీద ఎర్ర సిరాతో నక్షత్రం వేసేది. ఆ నక్షత్రం చెరిగిపోతుందని మా అమ్మాయి రెండు రోజులు ఎడం చేత్తో తినబోయి వాళ్ళ నానమ్మ చేత తిట్లు తిన్నది.

ఆ వారం ఎక్స్ వచ్చింది. బి అయితే, ఎస్ అయితే పిల్లలు దోసిళ్ళతో తెస్తారు. ఎక్స్ కరువు సీమ. పైగా అది వెనకబల్ల పిల్లాడిలాగా ఎప్పుడూ మాట చివరనే నక్కి ఉంటుంది. గుంటూరులో బియ్యే చదివాను గానీ నాదీ తెలుగు మీడియమే. కాలేజీనాటి నిఘంటువు ట్రంకుపెట్టెలోంచి తీసి, రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని ఇద్దరం వెతికాం. బాక్స్ అంటే పెట్టె. ఫాక్స్ అంటే నక్క. ఆక్స్ అంటే ఎద్దు. యాక్స్ అంటే గొడ్డలి. వాక్స్ అంటే మైనం. టాక్స్ అంటే పన్ను. సిక్స్ దానికి ముందే వచ్చు.

మచ్చ పడిన పత్తిని వేరు చేస్తూ మా అత్తయ్య వింటూ ఉండేది.

"ఎద్దు, గొడ్డలి, నక్క, పన్ను! ఇంగిలీషోళ్ళకీ మన బతుకే ఏంటే?" అన్నది ఒకరోజు. ఇంకోసారి, "ఆ ఆక్సు అరక కట్టేదా, ఆంబోతా?" అని అడిగింది. నాకు తెలియలేదు. నిఘంటువు చూస్తే అరక కట్టేదేనని తేలింది. "అట్టా చెప్పు మరి. ఎద్దంటే ఏ ఎద్దో తెలియకుండా ఎట్టా?" అని చాలా తృప్తి పడింది.

మాటలు చాలడం లేదని, ఇంట్లో అక్షరాలున్న వస్తువులన్నీ వెతకమని అమ్మాయికి నేనే చెప్పాను. అగ్గిపెట్టె, బిస్కెట్ పొట్లం, టీపొడి డబ్బా. అది ఆదివారం పొద్దున్నే తమ్ముణ్ణి వెంటేసుకుని ఇల్లంతా వెతికి చివరికి పత్తిగదికి చేరింది.

మా ఇంట్లో పురుగుమందు ఉండకూడదు. అది ఊరికే జాగ్రత్త కోసం పెట్టుకున్న నియమం కాదు. అంతకు ముందు ఏడాది మా వీధి చివరింటి రైతు, చేను చూసి వచ్చి, ఇంట్లో మూలనున్న మందుతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన భార్యది నా వయసే. పరామర్శకు వెళ్ళిన ప్రతి ఆడదాని చెయ్యీ పట్టుకుని ఒకటే మాట అనేది. "ఇంట్లో లేకపోతే ఆ పూట గడిచిపోయేదమ్మా. ఆ ఒక్క పూటేనమ్మా." ఆ మాట విని ఇంటికి వచ్చి నేను మా ఆయన్ను కూర్చోబెట్టాను. మందు డబ్బా ఏదీ మన గడప దాటి లోపలికి రాకూడదు, అన్నీ చేలో పాకలోనే ఉండాలి అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. మా అబ్బాయి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. నాకు తెలిసినంతలో ఆయన దేనికైనా మాట తప్పుతారేమో గానీ వాడి తల మీద వేసిన ఒట్టు తప్పరు.

తప్పారంటే, ఒట్టు కన్నా పెద్దది ఏదో మనసులో పడి ఉండాలి.

పిల్లల్ని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి పత్తిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. గదంటే మా ముందుగదే. ధర పెరిగే దాకా పత్తిని ఇంట్లోనే పోసుకోవడం మా వైపు అందరికీ అలవాటు. మంచం, బట్టల స్టాండు వరండాలోకి వెళ్ళిపోతాయి, పత్తి వచ్చి మనుషుల చోట ఉంటుంది. అప్పటికి కిటికీ అంచుదాకా నిండింది. మోకాళ్ళ దాకా దిగబడుతూ, చేతులు భుజాల దాకా దూర్చి వెతికాను. పత్తి లోపల వెచ్చగా ఉంటుంది, బతికున్నదాని ఒంటిలాగా. గోడ మూలన నా వేళ్ళకు గుడ్డ తగిలింది. మా ఆయన పాత తువ్వాలు. దాంట్లో చుట్టి ఉంది డబ్బా, పిల్లలు సగం విప్పి వదిలేసినట్టు. కొత్తది. మూత మీద సీలు అలాగే ఉంది. చీమల్లాంటి అక్షరాల మధ్య మిక్స్ అన్న మాట నిజంగానే ఉంది. మా అమ్మాయివి మంచి కళ్ళు.

సీలు చిరగలేదని ఇంకొకరైతే ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నా బుద్ధి అలా పోదు. పొదిలి దగ్గర మా పుట్టింట్లో మా అమ్మ నన్ను "పాలు విరగకముందే వాసన చూస్తది" అని ఎగతాళి చేసేది. సీలు తీయలేదంటే ఇంకా వాడలేదని. వాడకుండా తువ్వాలులో చుట్టి దాచారంటే, ఒక రోజు కోసం దాచారని.

"ఏమ్మాయ్, పత్తిలో ఏం దేవుతున్నావ్?" బయటి నుంచి అత్తయ్య గొంతు.

"పిల్లలు పిన్నీసు పడేశారు అత్తయ్యా."

"పిన్నీసు కోసం పత్తంతా తిరగేస్తావా? అది రేపు కొన్నోడికి గుచ్చుకుంటది, నీకేం!"

డబ్బాను కొంగు కింద పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. నా ట్రంకుపెట్టెలో పట్టుచీరలు పక్కకు జరిపి, డబ్బాను గోనెగుడ్డలో చుట్టి అడుగున పెట్టి తాళం వేశాను. తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకున్నాను. చేతులు మళ్ళీ సబ్బు పెట్టి కడుక్కున్నాను.

తర్వాత చిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. ఒక్కొక్క చిక్కుడుకాయకీ ఒక్కొక్క సంగతి గుర్తుకొచ్చింది. ఆ ఏడు పచ్చపురుగు ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. పైకాపంతా, పై కొమ్మల కాయలన్నీ, తొలిచేసింది. ఆయన చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా అలాగే అరుగు మీద కూర్చుంటున్నారు. మొన్న పండుగా పబ్బమూ లేకుండా మమ్మల్నందరినీ ప్రత్తిపాడు తీసుకెళ్ళి ఫోటో తీయించారు. ఎందుకండీ అంటే "ఊరికే" అన్నారు. అంతకు ముందు ఎవరికీ చెప్పకుండా దాచేపల్లిలో ఉన్న వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి వచ్చారు. అక్కను చూడాలనిపించింది అన్నారు. అక్కను చూడాలనిపించడం ఆయనకు ఎప్పుడూ లేదు. ఇద్దరికీ కలిస్తే పోట్లాటే.

ఫోటో. అక్క. డబ్బా. ఒక్కొక్కటీ విడిగా ఏమీ కాదు. పక్కపక్కన పెడితే నాకు ఒకే అర్థం తోచింది.

మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటర్ చప్పుడయింది. పురుగుమందుల కొట్టు ఆయన. మండల కేంద్రంలో పెద్ద కొట్టు, మా ఆయనకు వరసకు బాబాయి, నాకు మామయ్య అవుతాడు. మా మందులన్నీ అక్కడివే. ఆయన మనవడు మా అమ్మాయి తరగతిలోనే చదువుతున్నాడు. ఎప్పుడూ ఏ పనికైనా గుమస్తాను పంపే మనిషి, ఆ ఎండలో తనే వచ్చాడు.

"ఏమ్మాయ్, మావాడు చేలోనేనా?"

"అవునండీ మామయ్య గారూ. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

మజ్జిగ తాగుతూ జేబులోంచి చాక్లెట్లు తీసి పిల్లలకిచ్చాడు. "ఎక్స్ మాటలు ఎన్ని తెచ్చావే? మావాడు పన్నెండు రాసుకున్నాడు" అని అమ్మాయిని ఆటపట్టించాడు. అది నోరు తెరవబోయింది. నేను చూసిన చూపుకి మూసుకుంది.

"ఏం లేదమ్మాయ్, మొన్నిచ్చిన సరుకులో కొన్ని డబ్బాలు పాతబడ్డయ్యంట. కంపెనీవాళ్ళు వెనక్కి పంపమన్నారు. అందరివీ మార్చి కొత్తవి ఇస్తన్నాం. మీవాడి దగ్గర ఒకటుండాల. ఇంట్లో ఎక్కడన్నా పెట్టాడేమో చూడు."

నా చెయ్యి దానంతటదే పుస్తెలతాడు మీదికి వెళ్ళింది.

"పిల్లలున్న కొంప" అన్నాడు మెల్లగా. "అట్టాంటివి ఇంట్లో ఎందుకమ్మా? ఇచ్చేస్తే నీకూ మనసు కుదుటగా ఉంటది."

పొద్దున్నుంచి నేను అనుకుంటున్న మాటే అది. లోపలికి వెళ్ళి, పెట్టె తీసి, ఇచ్చేస్తే అయిపోతుంది. డబ్బా మా ఇంట్లోంచి పోతుంది, నా భయమూ దాని వెంట పోతుంది. లేచాను కూడా. రెండడుగులు లోపలికి వేశాను.

వెనక్కి చూస్తే ఆయన నన్ను చూడడం లేదు. మెడ సాచి పత్తిగది తలుపు వైపు చూస్తున్నాడు. "పత్తి ఈ గదిలో పోశారా? బాగానే పండిందే" అంటూ లేచి, రెండు చేతులతో తలుపు తోసి, గుమ్మంలో నిలబడి పత్తిని కాలితో కుళ్ళగించి చూస్తున్నాడు. పత్తి పండిన తీరు చూసేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని పోగు లాగి చూస్తాడు. కాలితో కుళ్ళగించడు.

ఇంట్లో పిల్లలున్నారని ఈయనకు ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది? ఒక పాత డబ్బాకు కొత్త డబ్బా ఇచ్చేంత ధర్మాత్ముడు ఎప్పుడయ్యాడు? గోనెసంచి చిరిగితే దానికీ మాతో పోట్లాడే మనిషి.

"నాకేం తెలియదు మామయ్య గారూ. మందులు ఇంట్లో పెట్టం. ఆయన్నే అడగండి" అన్నాను.

"అట్టాగే, అట్టాగే" అని నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి. స్కూటర్ ఎక్కుతూ మళ్ళీ ఒకసారి కిటికీ వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నమంతా నేను ఎవరిని అనుమానించాలో తెలియక అందరినీ అనుమానించాను. అత్తయ్యకు ఏమన్నా తెలుసేమోనని ఆమెనూ. అన్నం తిని పడుకున్న ఆమె ముఖం చూస్తూ నిలబడితే, కళ్ళు తెరవకుండానే "ఏందే, నా మొహాన ఏమన్నా రాసుందా?" అన్నది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. ఎప్పటిలా అరుగు మీద కూర్చోలేదు. నేను కాఫీ కలుపుతున్నాను. పత్తిగది తలుపు చప్పుడు వినిపించింది. గ్లాసు అలాగే పెట్టి తలుపు సందులోంచి చూశాను. ఆయన ఆ మూలన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో పత్తిని తోడుతున్నారు. మొదట నెమ్మదిగా. తర్వాత గబగబా. తర్వాత పిచ్చిపట్టినట్టు.

తలుపు తీసి నిలబడ్డాను.

"ఇవాళ ఇంటికి ఎవరొచ్చారు?" అన్నారు. గడ్డం నిండా పత్తి.

"ఏం వెతుకుతున్నారు?"

"అడిగినదానికి చెప్పు. బాబాయి వచ్చాడా?"

"వచ్చారు."

ఆయన అలాగే పత్తిలో చతికిలపడ్డారు. "అయిపోయింది. ఇచ్చేశావా?"

"దేన్ని?"

"డబ్బాని."

"అదెందుకు దాచారో చెప్పండి. ఇచ్చానో లేదో తర్వాత చెబుతాను."

నా వైపు చూశారు. నేను ఏం అడుగుతున్నానో ఆయనకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. ఆ కాసేపూ నేను ఆయన ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. దొరికిపోయిన మనిషి ముఖమా, ఏదో పోగొట్టుకున్న మనిషి ముఖమా అని వెతుకుతున్నాను. అర్థమయ్యాక చేతుల్లోని పత్తి వదిలేశారు.

"ఓసి పిచ్చిదానా. అందుకనుకున్నావా?"

"పిల్లాడి తల మీద ఒట్టేశారు" అన్నాను.

"మందు ఇంట్లోకి తేనని ఒట్టేశాను. అది మందు కాదే! మందైతే పురుగు చచ్చేదిగా!"

అప్పుడు చెప్పారు, పత్తిలో కూర్చునే. మందు కొట్టిన మర్నాడు కూడా పురుగు కాయల్లో తిరుగుతుంటే ఆయనకు అనుమానం వచ్చిందట. నీళ్ళలో మందు కలిపి, కొబ్బరిచిప్పలో పోసి, పచ్చపురుగును పట్టి అందులో వేశారట. అది ఈదుకుంటూ అంచుకొచ్చి, చిప్ప ఎక్కి, దిగిపోయిందట. సరుకు నకిలీదని తెలిసింది. ఆ మాట ఊళ్ళో గుప్పుమనేలోపే బాబాయి అందరి దగ్గరా డబ్బాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వడం మొదలెట్టాడు. జనం సంతోషంగా ఇచ్చేశారు. మా పాక గొళ్ళెం ఎవరో విరగ్గొట్టారు. వాడిన ఖాళీ డబ్బాలతో సహా అన్నీ పోయాయి. సైకిలుకు కట్టిన సంచిలో ఉండిపోయినందుకు ఇదొక్కటి మిగిలింది.

"సీలు తియ్యని డబ్బా ఉంటేనే వ్యవసాయాఫీసులో పరీక్షకు తీసుకుంటారంట. సీలు తీస్తే నువ్వే నీళ్ళు కలిపావంటారంట. దాచేపల్లి బావ కనుక్కుని చెప్పాడు. అర్జీకి నా ఫోటో కావాలన్నాడు. స్టూడియోకి ఎట్టాగూ వెళ్తన్నాం కదా అని మిమ్మల్నీ తీసుకెళ్ళా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే డబ్బాని ఇంట్లో ఉండనిస్తావా నువ్వు?"

ఉండనివ్వను. నిజమే.

"మీ బాబాయి కదండీ ఆయన" అన్నాను.

"బాబాయే. ఇంకో కొట్టోడి దగ్గరైతే సీలు చూసి, వాసన చూసి కొనేవాణ్ణి. బాబాయని చూడకుండా తెచ్చా."

ఆయన చెప్పినదంతా ఒకదానికొకటి అతికింది. ఫోటో అతికింది, అక్క అతికింది. నాకు ఏడుపు రావలసింది. కోపం వచ్చింది.

"పురుగు చావని మందు మనిషిని చంపదని ఎవరు చెప్పారండీ మీకు? పొద్దున దాని మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది, తెలుసా?"

"ఎవరు?"

"మీ కూతురు. ఎక్స్ మాట కోసం. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని."

ఆయనకు ఆ సంగతి తెలియదు. అప్పటిదాకా డబ్బా ఎలా బయటపడిందో అడగలేదు కూడా. రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. చేతులకు అంటిన పత్తి ముఖానికి అంటుకుంది. వేళ్ళ సందుల్లోంచి "మూత తీశారా?" అన్న మాట మాత్రం వచ్చింది. "లేదు" అన్నాను. అది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"డబ్బా నా పెట్టెలో ఉంది. మీ బాబాయి గారికి ఇవ్వలేదు. పరీక్షకు పంపే రోజు దాకా అక్కడే ఉంటుంది. ఆ రోజు నేనూ మీతో వస్తాను. తాళంచెవి నా దగ్గరే."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది."

ఆయన వాదించలేదు. వాదించనందుకు మనసు కాస్త కుదుటపడింది. వాదించనందుకే కాస్త అనుమానమూ వేసింది. ఇప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తూ కూడా, గోడ పక్కన ఆయన ఊపిరి వింటూనే ఉన్నాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ రైతు భార్య చెప్పిన ఒక్క పూట సంగతీ నిజమే. రెండు నిజాలు ఒకే ఇంట్లో ఉండగలవు. అందుకని తాళం వేశాను. ఆ తర్వాత డబ్బాను మేమిద్దరం కలిసే తీసుకెళ్ళి ఇచ్చాం. పరీక్షకు పంపుతామన్నారు. జవాబు ఇంకా రాలేదు. బాబాయి ఎదురుపడితే ఇప్పటికీ పలకరిస్తాడు. ఇప్పటికీ పళ్ళతోనే నవ్వుతాడు.

డబ్బా దొరికిన మర్నాడు, సోమవారం. ఆటో వచ్చే వేళయింది. అమ్మాయి జడలు వేయించుకుంటూ ఎక్స్ మాటలు వల్లె వేసుకుంటోంది. బాక్స్ అంటే పెట్టె, బిస్కెట్ డబ్బా మీద దొరికింది. వాక్స్ అంటే మైనం, అగ్గిపెట్టె మీద దొరికింది. మిక్స్ అంటే కలపడం...

అక్కడ నా చేతిలో జడ ఆగిపోయింది. ఎక్కడ దొరికిందో టీచరమ్మ అడుగుతుంది. ఇది లేచి నిలబడి, పత్తిగదిలో నాన్న దాచిన డబ్బా మీద అని గట్టిగా చెబుతుంది. కొట్టు ఆయన మనవడు వింటాడు. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళి తాతకు చెబుతాడు. ఆ మాట మానెయ్యి అంటే మానదు. ఎంత కష్టపడి తెచ్చుకుంది! మానమంటే ఎందుకని అడుగుతుంది.

జడ ముడేసి పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాను. ముందుగా గాలిపటం సంగతి చెప్పాను. "ఎరుపైనా, పసుపైనా, ఏ రంగైనా సరే, ఆ బొమ్మ ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. చదవకూడదు. దాని మీద ఎన్ని ఎక్స్‌లున్నా మనకొద్దు. చూసిన చోట చూసినట్టే వదిలేసి వచ్చి నాకు చెప్పాలి. నేను కొట్టను." ఇద్దరూ తలలూపారు.

తర్వాత కంచం పెట్టి, వేడన్నం వేసి, గోంగూర పచ్చడి వేసి, నూనె చుక్క వేశాను.

"చూడండి. ఇది అన్నం. ఇది పచ్చడి. ఇదిగో, మిక్స్" అంటూ కలిపాను. తెల్లగా ఎక్కడా మిగలకుండా కలిపాను. "మిక్స్ అంటే కలపడం. ఈ మాట మీకు అమ్మ నేర్పింది. ఇవాళ పొద్దున, అన్నం కలుపుతూ నేర్పింది. ఎక్కడ దొరికిందని ఎవరడిగినా ఇదే చెప్పండి."

"నాకు నిన్ననే దొరికిందిగా, డబ్బా మీద" అంది అమ్మాయి.

"నిన్న నీకు కనపడింది. ఇవాళ నేను నేర్పాను. ఇవాళ్టిదే చెప్పు. నిన్నటిది మన ఇంట్లో మాట."

అబ్బాయి కంచం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "అబద్ధమా అమ్మా?"

"కాదు నాన్నా. నీ కళ్ళ ముందే కలిపానుగా. నోరు తెరువు."

ముద్ద పెట్టాను. తర్వాత అక్కకు.